దగ్గర దాచుకున్న నకలు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ సభలో కంప్యూటరు ఫైళ్ళ ప్రస్తావన కొందరికి వింతగా తోచవచ్చు. దానికొక కారణమున్నది. జూబిలీ సన్నాహంలో భాగంగా పూర్వ విద్యార్థుల పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు, చదివిన సంవత్సరాలు సేకరించి ఒక పట్టికగా కూర్చిన సంగతి అందరికీ తెలిసినదే. ఆ పట్టిక ఇంటర్నెట్టులో ఒకచోట ఉండేది. సేకరణకు పూనుకున్న కార్యకర్తలకు దానిని చూడడానికీ, అందులో వ్రాయడానికీ అనుమతి ఉండేది. చాలామంది దానిని తమ ఫోనులోనో, ఇంటి కంప్యూటరులోనో దాచుకుని పనిచేశారు. ఊరూరా తిరిగేవారికి సిగ్నలు దొరకని చోట్లు ఎన్నో ఉంటాయి కనుక అది తప్పు కాదు, అవసరమే.

కొంతకాలానికి, ఇక్కడే ఎస్.ఎస్.ఎల్.సి. చదివి ఇప్పుడు మనుమల నెత్తుకుంటున్న ఒక పూర్వ విద్యార్థినికి ఇళ్ళ స్థలాలు అమ్మే వ్యక్తి ఎవరో ఫోను చేశాడు. పేరు పెట్టి పిలిచి, ఏ సంవత్సరపు బ్యాచో కూడా చెప్పి మరీ బేరం మొదలుపెట్టాడు. ఆమె పాఠశాల కార్యాలయానికి ఫోను చేసి తన పేరు తీసివేయవలసిందిగా కోరింది. గుమాస్తా అప్పటికప్పుడే తీసివేశాడు. మరుసటి వారం ఆమెకు మళ్ళీ ఫోను వచ్చింది. "నిన్న తీసేశామన్నారు గదయ్యా, మరి వాడికి ఎలా తెలిసింది?" అని ఆమె అడిగిన ప్రశ్నకు కార్యాలయంలో ఎవరూ సమాధానం చెప్పలేకపోయారు. ఈ ప్రసంగం ఆ సమాధానం కోసమే.

సమస్య కొత్తది కాదు. అసలు ప్రతి ఒకచోట, నకళ్ళు పలుచోట్ల ఉన్నప్పుడు అధికారం ఎవరిది అన్న ప్రశ్న కాగితాల కాలం నుంచీ ఉన్నది. అడ్మిషను రిజిస్టరు బీరువాలో ఉన్నంతకాలం దాని రక్షణ ఒక్క తాళంచెవితో తీరిపోయేది. కావలసినవారు కార్యాలయానికి రావాలి, అడగాలి, ఇచ్చేవారు ముఖం చూసి ఇవ్వాలి. అదే రిజిస్టరు నుంచి ఎవరైనా ఒక పుట వ్రాసుకుని ఇంటికి తీసుకుపోతే, ఆ పుటకు బీరువా తాళంతో నిమిత్తం లేదు.

కంప్యూటరు రంగంలో దగ్గర దాచుకున్న ఇటువంటి నకలుకు క్యాష్ అని పేరు. నగదు అనే అర్థం గల మాటలా వినిపించినా దీనికి డబ్బుతో సంబంధం లేదు. దాచడం అనే అర్థమున్న ఫ్రెంచి ధాతువు నుంచి వచ్చిన మాట ఇది. దూరానున్న సర్వరులోని ఫైలును ప్రతిసారీ తెప్పించుకోకుండా, ఒకసారి తెచ్చిన ప్రతిని చేతిలోని యంత్రపు డిస్కులోనే ఉంచుకోవడం దీని పని. వేగం కోసం పుట్టిన ఈ ఏర్పాటు వెంట భద్రత చిక్కు కూడా పుట్టింది.

ఆ చిక్కును మొట్టమొదట పెద్ద ఎత్తున ఎదుర్కొన్నవారిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరపు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారు ముఖ్యులు. 1980ల ఆరంభంలో ఐ.బి.ఎం. సంస్థతో కలిసి వారు ఆండ్రూ అనే పథకం చేపట్టారు. ఆండ్రూ కార్నెగీ, ఆండ్రూ మెలన్ అనే ఇద్దరు దాతల పేరు అది. విద్యార్థులు, అధ్యాపకులు వాడే 5000కు పైగా కంప్యూటర్లు ఒకే ఫైళ్ళ భాండాగారాన్ని పంచుకోవాలన్నది లక్ష్యం. ఆ భాండాగారమే ఆండ్రూ ఫైల్ సిస్టం. దాని రూపకర్తలలో ప్రముఖుడు మహాదేవ్ సత్యనారాయణన్. ఐ.ఐ.టి. మద్రాసులో 1975లో బి.టెక్., 1977లో ఎం.టెక్. పూర్తిచేసి, 1983లో కార్నెగీ మెలన్‌లో డాక్టరేటు పొందినవాడు. ఈ ఫైల్ సిస్టం నిర్మాతల బృందానికి 2016 సంవత్సరపు ఏ.సి.ఎం. సాఫ్ట్‌వేర్ సిస్టం పురస్కారం లభించింది.

వారు మొదట చేసుకున్న నిర్ణయం ఒక్కటే మిగిలిన వాటన్నిటికీ ఆధారం. తాళం వేసిన గదిలో ఉండి, నియమితులైన కొద్దిమంది చేతిలో మాత్రమే నడిచే సర్వర్లను నమ్మాలి. విద్యార్థుల బల్లల మీద ఉండే కంప్యూటర్లను ఏమాత్రమూ నమ్మరాదు. అక్కడ యంత్రం మూత విప్పేవారుండవచ్చు, లోపలి ప్రోగ్రాములు మార్చేవారుండవచ్చు. కనుక ఎవరు ఏది చూడవచ్చునో తేల్చే అధికారం సర్వరుదే. ఈ రెంటికీ వారు పెట్టిన పేర్లలో ఒక చమత్కారం ఉన్నది. నమ్మదగిన సర్వర్లకు "వైస్" అని, నమ్మరాని బల్లమీది యంత్రాలకు "వర్చ్యూ" అని పేర్లు. మొదటి మాటకు దుర్గుణమనీ, రెండవదానికి సుగుణమనీ అర్థం! నకళ్ళను తెచ్చి దాచే ప్రోగ్రాము పేరు వీనస్.

1985 ప్రాంతంలో ఈ ఏర్పాటు తొలి రూపం దాదాపు 100 యంత్రాలతో, 6 సర్వర్లతో, 400 మంది వాడకంతో నడిచింది. అప్పుడొక విచిత్రం బయటపడింది. దాచుకున్న నకళ్ళలో నూటికి 80 పైచిలుకు సందర్భాలలో కావలసిన ఫైలు దొరుకుతూనే ఉన్నది. అయినా సర్వర్లు ఊపిరాడక ఉన్నాయి. లెక్కచూడగా, సర్వరుకు వచ్చే పిలుపులలో నూటికి దాదాపు 62 వంతులు కేవలం "నా దగ్గరున్న నకలు ఇంకా చెల్లుతుందా?" అని అడిగేవే. ఫైలు కావాలని అడిగేవి నూటికి 4 మాత్రమే. ఇంట్లో పాఠ్యపుస్తకం ఉండికూడా, పుట తిప్పే ప్రతిసారీ అది మారలేదు గదా అని పంతులుగారింటికి పరుగెత్తే పిల్లవాడి వంటిది ఈ పరిస్థితి.

దానికి వారు కనుగొన్న ఉపాయమే కాల్‌బ్యాక్. నకలు ఇచ్చేటప్పుడే సర్వరు ఒక మాట ఇస్తుంది: "ఇది మారితే నేనే కబురు చేస్తాను, నువ్వు అడగనక్కరలేదు." ఎవరికి ఏ నకలు ఇచ్చినదీ సర్వరు వ్రాసిపెట్టుకుంటుంది. అసలు ప్రతి మారగానే నకళ్ళున్న యంత్రాలకు కబురు పోతుంది, ఆ నకళ్ళు చెల్లకుండా పోతాయి. ఫైలులోని విషయం మారినప్పుడే కాక, దానిని చూసే అనుమతులు మారినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఒక ఫోల్డరు అనుమతుల జాబితా నుంచి ఒక పేరు కొట్టివేస్తే, ఆ ఫోల్డరు నకలున్న యంత్రం మళ్ళీ సర్వరును అడిగి తీరాలి.

అనుమతుల జాబితా సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవలసి ఉన్నది. ఆండ్రూ ఏర్పాటులో అనుమతులు విడివిడి ఫైళ్ళకు కాక ఫోల్డరుకు ఉంటాయి. అవి ఏడు రకాలు. చదవడం, వ్రాయడం, కొత్తది చేర్చడం, ఉన్నది తొలగించడం, లోపల ఏమేమి ఉన్నాయో చూడడం, ఒకరు వాడుతుండగా మరొకరు ముట్టకుండా తాళం వేయడం, చివరగా ఈ జాబితానే మార్చడం. చదవగలిగినవారందరూ వ్రాయనక్కరలేదు. వ్రాయగలిగినవారు ఇతరులకు అనుమతి ఇవ్వగలిగి ఉండనక్కరలేదు. మన జూబిలీ పట్టిక విషయంలో ఈ విచక్షణ లేకపోయింది. అనుమతి ఉన్న ప్రతివారికీ అన్ని అనుమతులూ ఉండేవి.

ఈ జాబితాలో మనుషుల పేర్లతో పాటు బృందాల పేర్లూ ఉండవచ్చు. ఇందులో ఒక సూక్ష్మం దాగి ఉన్నది. బృందం నుంచి ఒక సభ్యుని తొలగించారనుకుందాం. ఆ బృందాల పుస్తకానికి అనేక సర్వర్లలో ప్రతులుంటాయి. అన్నిచోట్లా మార్పు చేరడానికి సమయం పడుతుంది. ఈలోగా అతడు లోపలికి రావచ్చు. అందుకని సత్యనారాయణన్ బృందం అనుమతులతో పాటు నిషేధాలను కూడా జాబితాలో చేర్చింది. ఫలానావారికి ఇవ్వరాదని ఆ ఫోల్డరు మీదనే వ్రాస్తే, బృందం ద్వారా వచ్చిన అనుమతి కూడా రద్దవుతుంది. ఉద్యోగం మానిన వ్యక్తి పేరు అన్ని రిజిస్టర్లలోనూ కొట్టివేసేలోగా వాచ్‌మనుతో ఒక మాట చెప్పి ఉంచడం వంటిది ఇది. ఉన్న మూడు ఉపాయాలలో ఇదే ఎక్కువ తెలివైనదని అనిపిస్తుంది. ఇవ్వడం ఎంత సులభమో తిరిగి తీసుకోవడం అంత కష్టమని ముందే ఊహించి కట్టిన గోడ అది.

అడిగేది ఎవరో సర్వరుకు తెలిసేదెలా? సంకేతపదం ఇచ్చి లోపలికి వచ్చిన వ్యక్తికి కాలపరిమితి గల ఒక టోకెను లభిస్తుంది. సాధారణంగా దాని ఆయువు ఒక రోజు. సంకేతపదాన్ని తీగల మీద పంపకుండానే ఇదంతా జరిగే పద్ధతికి కెర్బెరోస్ అని పేరు. గ్రీకు పురాణాలలో పాతాళ ద్వారాన్ని కాచే మూడు తలల కుక్క పేరు అది. ఎం.ఐ.టి. వారి అథీనా పథకంలో పుట్టిన ఈ పద్ధతిని ఆండ్రూ కూడా తరువాత స్వీకరించింది. ఇటువంటి తాళాలకూ వయస్సు ఉంటుంది. అందులో వాడిన 56 బిట్ల డి.ఇ.ఎస్. గూఢలిపిని 1998లోనే ప్రత్యేక యంత్రంతో మూడు రోజుల లోపున ఛేదించి చూపారు. అయినా ఆ పాత తాళాన్ని విడిచి బలమైన కీలకు మారే మార్గం ఓపెన్ ఏ.ఎఫ్.ఎస్.లో 2013లో గాని రాలేదు.

ఇంతవరకు సర్వరు వైపు రక్షణ. ఇక నకలు ఉన్న యంత్రం సంగతి. వీనస్ తెచ్చిన నకళ్ళు ఆ యంత్రపు డిస్కు మీద మామూలు ఫైళ్ళుగానే ఉంటాయి, గూఢలిపిలో ఉండవు. సామాన్య వినియోగదారు వాటిని నేరుగా తెరవలేడు. ఆ యంత్రం మీద సర్వాధికారం ఉన్నవాడు, అంటే రూట్ అధికారం గలవాడు, నిరాటంకంగా చూడగలడు. యంత్రాన్ని విప్పి డిస్కును మరొక యంత్రానికి తగిలించినవాడూ చూడగలడు. రూపకర్తలు దీనిని దాచలేదు. తాను కూర్చున్న యంత్రాన్ని వినియోగదారు తానే నమ్మవలసి ఉంటుందని వారి అభిప్రాయం. పరాయి యంత్రం ముందు కూర్చుని రహస్యమైన ఫైలు తెరిచినవాడు ఆ రహస్యంలో ఒక భాగాన్ని అక్కడ వదలి వస్తున్నాడు.

పైగా ఒక యంత్రంలోని నకళ్ళ కొట్టు ఆ యంత్రాన్ని వాడే అందరికీ ఉమ్మడి. దీనివల్ల వచ్చిన ప్రమాదం 2007 మార్చిలో బయటపడింది. ఎవరైనా చూడదగిన బహిరంగ ఫైళ్ళను టోకెను లేకుండానే తెప్పించుకోవచ్చు. అలా వచ్చే జవాబుల మీద ముద్ర ఉండదు. కనుక మధ్యదారిలో కూర్చున్న మోసగాడు దొంగ జవాబు పంపగలడు. యూనిక్సు తరహా యంత్రాలలో కొన్ని ప్రోగ్రాముల మీద ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తున్న ప్రోగ్రామును ఎవరు నడిపినా అది తన యజమాని అధికారంతో నడుస్తుంది. దొంగ జవాబులో ఆ గుర్తును చేర్చి పంపితే, ఉమ్మడి కొట్టులో అది నిజమైనదిగా నిలిచిపోతుంది. అప్పుడు మామూలు వినియోగదారు ఆ ప్రోగ్రామును నడిపి యంత్రం మీద సర్వాధికారం పొందగలడు. రహస్య ఫైలు ఒక్కటీ బయటికి పోకుండానే, నమ్మకం లేని దారిన వచ్చిన సమాచారాన్ని నమ్మకమైన దానితో కలిపి దాచినందువల్ల మాత్రమే ఇల్లు పరాధీనమయ్యే స్థితి వచ్చింది. నెట్‌వర్కు నుంచి వచ్చిన ఆ గుర్తును ఇకమీదట ఎవరూ ప్రత్యేకంగా కోరితే తప్ప పట్టించుకోకుండా ఆ ప్రోగ్రామును సవరించారు.

తీగ తెగినప్పుడు ఏమి చేయాలి? ఇది మన కార్యకర్తల పరిస్థితికి మరింత దగ్గరి ప్రశ్న. 1987 నుంచి సత్యనారాయణన్ బృందం నిర్మించిన కోడా అనే ఏర్పాటు దీనికి జవాబు వెదికింది. ప్రయాణానికి ముందు చద్దిమూట కట్టుకున్నట్లు, అవసరమైన ఫైళ్ళను ముందుగానే యంత్రంలో నింపుకోవాలి. సంబంధం తెగిన తరువాత ఆ యంత్రమే తాత్కాలికంగా సర్వరు పాత్ర వహిస్తుంది, అనుమతులను తానే చూసుకుంటుంది. అయితే అది పెట్టిన సంతకం చివరి సంతకం కాదు. తిరిగి కలిసినప్పుడు, ఆ విరామంలో జరిగిన ప్రతి మార్పునూ అసలు సర్వరు మళ్ళీ పరీక్షించి, అనుమతి ఉన్నదో లేదో చూసి మరీ స్వీకరిస్తుంది. ఇన్‌చార్జిగా ఉన్న ఉపాధ్యాయుడు మంజూరు చేసిన సెలవు చీటీ పెద్దలు వచ్చాక ఆమోదం పొందవలసినట్లే. 1992లో కిస్ట్లర్, సత్యనారాయణన్ ప్రచురించిన వ్యాసంలో ఇదంతా విపులంగా ఉన్నది.

జాగ్రత్తగా చూస్తే ఇందులో ఒక పరిమితి కనిపిస్తుంది. మార్పు చేసే అధికారాన్ని తరువాతైనా పరీక్షించవచ్చు. చూసే అధికారాన్ని అలా పరీక్షించడానికి వీలులేదు. తీగ తెగి ఉన్న కాలంలో ఒకరి అనుమతి రద్దయినా ఆ కబురు వారి యంత్రానికి చేరదు. కబురు చేరేలోగా చదివినది చదివినదే.

వ్యాపార రంగంలో ఈ మార్గం మరొక రూపంలో సామాన్యులకు చేరింది. విండోస్ 2000లో ఆఫ్‌లైన్ ఫైళ్ళ సౌకర్యం వచ్చింది. కార్యాలయపు సర్వరులోని ఫోల్డరు ల్యాప్‌టాప్‌లో సి.ఎస్.సి. అనే మరుగు ఫోల్డరులో నకలుగా నిలిచేది. గూఢలిపి లేదు. ల్యాప్‌టాప్ రైలులో పోతే కార్యాలయమే పోయినట్లు. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో ఆ నకళ్ళను గూఢలిపిలో పెట్టే వీలు కల్పించారు. అయితే తాళంచెవి వినియోగదారుది కాక యంత్రానిది. ఆ తరువాతి విస్టాలో గాని ఎవరి నకళ్ళకు వారి తాళంచెవి అనే పద్ధతి రాలేదు. ఈనాడు చాలా ఫోనులలో డిస్కు మొత్తం గూఢలిపిలో ఉంటున్నది. అది మేలే. తెరకు తాళం పెట్టుకోకుండా పిల్లల చేతికి ఆటకిచ్చిన ఫోనుకు ఆ మేలు అక్కరకు రాదు.

ఇప్పుడు ఆ పెద్దావిడ ప్రశ్నకు సమాధానం చెప్పవచ్చు. పట్టిక నకళ్ళు రెండు రకాలు. ఇంటర్నెట్టు పట్టికతో సంబంధం నిలుపుకుని ఫోను తానే దాచిన నకలు మొదటిది. మళ్ళీ సంబంధం కలిసినప్పుడు, పేరు తీసివేసిన సంగతిగాని, అనుమతి రద్దయిన సంగతిగాని దానికి తెలిసే అవకాశమున్నది. రెండవది డౌన్‌లోడు చేసుకున్న ప్రతి, తెర మీద చూసి తీసిన ఫొటో, వాట్సప్‌లో మరొకరికి పంపిన ప్రతి. వీటి సంగతి ఏ సర్వరు చిట్టాలోనూ ఉండదు. ఎవరి దగ్గర ఉన్నాయో తెలియదు కనుక కబురు పంపడానికి చిరునామా లేదు. గుమాస్తా అసలు ప్రతిలో పేరు కొట్టివేసినది నిజం. ఇళ్ళ స్థలాల వ్యక్తి చేతిలో ఉన్నది రెండవ రకం నకలు అయి ఉండాలి. అది ఏ చేతి మీదుగా పోయిందో విచారించి ఎవరినీ నిందించడం కమిటీ ఉద్దేశం కాదు. ఇచ్చినవారు పాత మిత్రునికి సహాయం చేస్తున్నామనే అనుకుని ఉంటారు.

పూర్వ విద్యార్థుల పట్టికే ఇంత చేస్తే, ప్రస్తుత విద్యార్థుల వివరాల సంగతి తల్లిదండ్రులు ఊహించుకోవచ్చు. చిరునామా, జన్మతేది, ఆధారు నంబరు, తండ్రి ఆదాయం, కొందరి విషయంలో బిడ్డ ఎవరి సంరక్షణలో ఉన్నదీ, ఎవరికి అప్పగించకూడదన్నదీ కూడా పాఠశాల ఫైళ్ళలో ఉంటుంది. ఆ చివరి వివరం తప్పు చేతిలో పడితే జరిగేది ఇళ్ళ స్థలాల బేరం కాదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివారి వివరాల విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని ప్రత్యేకంగా పేర్కొన్నది.

అందుచేత కార్యాలయంలో కొన్ని మార్పులు జరిగాయి. స్టాఫ్‌రూము కంప్యూటరులో ఇంతకాలం అందరికీ ఉన్న ఒకే పేరు, ఒకే సంకేతపదం రద్దయ్యాయి. ఎవరి పేరుతో వారు లోపలికి రావాలి. యంత్రాధికారం గుమాస్తా ఒక్కరి దగ్గరే ఉంటుంది. డిస్కుకు గూఢలిపి పెట్టడమైనది. మార్కుల ఫోల్డరును తరగతి ఉపాధ్యాయులు మాత్రమే వ్రాయగలరు, మిగిలినవారు చదవగలరు. సంరక్షణ వివరాల ఫోల్డరు ఏ ఫోనులోనూ దాచరాదు. అది కావలసినవారు, పాత రోజులలో బీరువా దగ్గరకు వచ్చినట్లే, కార్యాలయానికి రావలసి ఉంటుంది. ఇది ఉపాధ్యాయులకు కొంత అసౌకర్యమే. మొదటి వారం గొణుగుడు వినిపించిన మాట కూడా నిజమే.

జూబిలీ పట్టిక అనుమతులన్నీ ఈ నెలాఖరున రద్దవుతాయి. అయితే ఇంతవరకు చెప్పిన దానిని బట్టి, ఆ రద్దు చేరని నకళ్ళు ఈ సభలోనే ఎన్నో ఉన్నాయని స్పష్టం. కనుక కార్యకర్తలుగా పనిచేసిన పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. భోజనశాల ద్వారం దగ్గర బల్ల మీద ఒక నోటుపుస్తకం ఉన్నది. ఫోనులో, కంప్యూటరులో, వాట్సప్‌లో ఉన్న ప్రతులు తీసివేసినవారు అందులో పేరు వ్రాసి సంతకం చేయవలసిందిగా కోరడమైనది. తాము ఎవరికైనా పంపి ఉంటే వారి పేరు కూడా వ్రాస్తే, కార్యాలయం వారితో మాట్లాడుతుంది. ఎలా తీసివేయాలో తెలియని పెద్దలకు సహాయం చేయడానికి తొమ్మిదవ తరగతి పిల్లలు ఇద్దరు ఆ బల్ల దగ్గరే ఉన్నారు. ఫోను చేసిన ఆ పెద్దావిడ కూడా ఈరోజు సభకు వచ్చి రెండవ వరుసలో కూర్చుని ఉన్నారు. ఆమె పేరు చెప్పవద్దని కోరారు.